సోలో నొక్కగానే శబ్దం ఎగిరిపడుతోందా? ఇంటి స్టూడియో మిక్సర్‌లో వినే స్థాయిని అదుపులో పెట్టుకోవడం ఎలా

గాత్రంలో ఎక్కడో చిన్న చిటపట వినిపించింది. ఆ ఛానెల్ మీద, అది ఒక్కటే వినిపించేలా చేసే సోలో బటన్ నొక్కారు. గొంతు ఒక్కసారిగా చెవుల్లోకి దూకింది. చెయ్యి దానంతటదే నాబ్ మీదకు వెళ్లి శబ్దాన్ని తగ్గించింది. సోలో తీసేశారు. ఇప్పుడు పాట మొత్తం పలచగా, ఎక్కడో దూరంగా ఉన్నట్టుంది. ఈసారి చెయ్యి మెయిన్ ఫేడర్‌ను, అంటే మొత్తం స్థాయిని మార్చే జారుడు మీటను, పైకి తోసింది. ఇలా ఒక గంట గడిచేసరికి మీటర్ ఎర్రబారుతూ ఉంటుంది. మీరు చేసిన మార్పుల్లో ఏది నిజంగా బాగుందో, ఏది కేవలం పెద్దగా వినిపించడం వల్ల బాగున్నట్టు అనిపించిందో చెప్పలేని పరిస్థితి వస్తుంది.

ఇంటి స్టూడియోల్లో మిక్స్‌లు చెడిపోవడానికి నేను ఎక్కువగా చూసిన కారణం ఇదే. ఒక పూట కూర్చుని సర్దుకుంటే మళ్లీ ఈ బెడద ఉండదు. గుర్తుంచుకోవలసిన సంగతి ఒక్కటే. మీరు వినే శబ్దానికి ఒక దారి, మిక్సర్ బయటికి పంపే శబ్దానికి మరో దారి ఉండాలి. సోలో ఎప్పుడూ మీరు వినే స్థాయికి లోబడి నడవాలి.

ముందు దారులు గుర్తుపట్టండి

మీ మిక్సర్ వెనక వైపు చూడండి. మెయిన్ అవుట్‌పుట్ ఒకటి ఉంటుంది. చాలా మిక్సర్లలో కంట్రోల్ రూమ్ లేదా మానిటర్ అనే పేరుతో ఇంకో జత సాకెట్లు కూడా ఉంటాయి. స్పీకర్లను ఆ రెండో జతకే కలపండి. మెయిన్ అవుట్‌పుట్ రికార్డింగ్ కోసం. దాని ఫేడర్‌ను 0 గుర్తు దగ్గర పెట్టి ఇక ముట్టుకోకండి. ఎక్కువ, తక్కువ చేసుకోవడమంతా కంట్రోల్ రూమ్ నాబ్‌తోనే.

సరిగ్గా కలిపారో లేదో తెలుసుకోవడం తేలిక. ఏదైనా ఒక పాట పెట్టి, కంట్రోల్ రూమ్ నాబ్‌ను పూర్తిగా తగ్గించండి. గది నిశ్శబ్దమైపోవాలి, మీటర్ మాత్రం ఆడుతూనే ఉండాలి, సాఫ్ట్‌వేర్‌లో రికార్డింగ్ స్థాయి వెంట్రుకవాసి కూడా కదలకూడదు. నాబ్‌తో పాటు రికార్డింగ్ స్థాయి కూడా పడిపోయిందంటే తీగ ఎక్కడో తప్పు సాకెట్‌లో ఉంది.

మరీ చిన్న మిక్సర్లలో కంట్రోల్ రూమ్ సాకెట్లు ఉండవు. అప్పుడు రికార్డింగ్ యూఎస్‌బీ ద్వారా జరుగుతుంటే, యూఎస్‌బీకి వెళ్లే సిగ్నల్ మెయిన్ ఫేడర్‌కు ముందు తీసుకుంటున్నారా, తర్వాత తీసుకుంటున్నారా అని మాన్యువల్‌లో చూడండి. ఫేడర్‌కు ముందైతే మెయిన్ ఫేడర్‌నే వినే నాబ్‌లా వాడుకోవచ్చు. తర్వాతైతే మెయిన్ అవుట్‌పుట్‌కూ స్పీకర్లకూ మధ్య ఒక చిన్న మానిటర్ కంట్రోలర్ పెట్టుకోవాలి. అది పెద్ద యంత్రమేమీ కాదు, ఒక పెట్టె, దాని మీద ఒక నాబ్.

కరెంటు విషయంలో ఒక క్రమం పాటించండి. మిక్సర్ ముందు, స్పీకర్లు చివర. ఆపేటప్పుడు స్పీకర్లు ముందు, మిక్సర్ చివర. కండెన్సర్ మైక్ కోసం 48 వోల్టుల ఫాంటమ్ పవర్ వేసేటప్పుడు, తీసేటప్పుడు కంట్రోల్ రూమ్ నాబ్, హెడ్‌ఫోన్ నాబ్ రెండూ సున్నాలో ఉండాలి. ఆ ‘టప్’ మనే దెబ్బ స్పీకర్ కోన్‌కూ మంచిది కాదు, చెవికీ మంచిది కాదు.

గెయిన్ సర్దుబాటు

వినే స్థాయి గురించి మాట్లాడే ముందు లోపలికి వచ్చే స్థాయి, అంటే గెయిన్, సరిగ్గా ఉండాలి. సోలో బటన్ అసలు పని ఇక్కడే మొదలవుతుంది. మిక్సర్‌లో సోలో మూడు రకాలు. పీఎఫ్ఎల్ అంటే ఫేడర్‌కు ముందున్న సిగ్నల్‌ను వినిపించేది. ఏఎఫ్ఎల్ ఫేడర్ తర్వాతది వినిపిస్తుంది. మూడోది ఎస్ఐపీ, మిగతా ఛానెళ్లన్నిటినీ మ్యూట్ చేసి ఇది ఒక్కటే మిగిల్చేది. చాలా మిక్సర్లలో పీఎఫ్ఎల్, ఏఎఫ్ఎల్ మధ్య మార్చే ఒక బటన్ ఉంటుంది. మీది ఏ స్థితిలో ఉందో ఇప్పుడే చూసుకోండి. ఎస్ఐపీ ఉంటే దాన్ని రికార్డింగ్ జరిగేటప్పుడు ముట్టుకోవద్దు. మిగతా రెండూ మీరు వినేదాన్ని మాత్రమే మారుస్తాయి, ఇది మెయిన్ అవుట్‌పుట్‌నే మార్చేస్తుంది.

గెయిన్ పెట్టడానికి పీఎఫ్ఎల్ వాడండి. పాడేవారిని పాటలో అన్నిటికంటే గట్టిగా వచ్చే చోటు పాడమనండి. మామూలుగా మాట్లాడితే చాలదు, రికార్డింగ్ మొదలయ్యేసరికి గొంతు మరికొంత లేస్తుంది. సోలో నొక్కితే మీటర్ ఆ ఒక్క ఛానెల్ స్థాయినే చూపిస్తుంది. సూది గానీ దీపాలు గానీ సగటున 0 దగ్గర ఆడేలా గెయిన్ తిప్పండి. గట్టి అక్షరాల దగ్గర ప్లస్ 6 వరకు ఎగిరినా పరవాలేదు. మంచి అనలాగ్ మిక్సర్ ఆ పైన ఇంకా చాలా తట్టుకుంటుంది.

కంప్యూటర్ లోపల సగటు మైనస్ 18, శిఖరాలు మైనస్ 6 దాటకుండా ఉంటే హాయిగా ఉంటుంది. స్థాయి తక్కువైతే నాణ్యత పోతుందన్న భయం 16 బిట్ల కాలం నాటిది. 24 బిట్ల రికార్డింగ్‌కు సిద్ధాంతరీత్యా 144 డెసిబెల్స్ పరిధి ఉంది. మీ గదిలో ఫ్యాను చప్పుడు ఆ పరిధి అట్టడుగు కంటే ఎంతో పైనే ఉంటుంది.

వినే స్థాయిని కొలిచి, గుర్తు పెట్టండి

ఈ పని మీద కాస్త ఎక్కువ సమయం పెట్టమని నా మనవి. మిగతా అన్నీ దీని మీదే నిలబడతాయి.

చెవి అన్ని స్థాయిల్లోనూ ఒకేలా వినదు. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని కొలిచి గీతలుగా చూపించారు. శబ్దం తగ్గే కొద్దీ బేస్ మనకు మిగతా వాటికంటే ఎక్కువగా తగ్గినట్టు వినిపిస్తుంది. తక్కువ స్థాయిలో మిక్స్ చేస్తే బేస్ చాలడం లేదని పెంచుతారు, మర్నాడు పెద్దగా వింటే గోడలు అదురుతాయి. ఎక్కువ స్థాయిలో చేస్తే దానికి సరిగ్గా తిరగబడిన ఫలితం. అందుకే ప్రతిరోజూ ఒకే స్థాయికి తిరిగి రాగలగాలి.

సినిమా మిక్సింగ్ గదుల్లో వాడే 85 డెసిబెల్స్ ప్రమాణం పెద్ద హాళ్ల కోసం పెట్టింది. పడకగది అంత చోటులో అది భరించలేనంత అనిపిస్తుంది. చిన్న గదికి ఒక్కో స్పీకర్ 73 నుంచి 76 డెసిబెల్స్ ఇస్తే చాలు. చేయవలసింది ఇది.

స్పీకర్లు ఆపి ఉంచి, వాటి వెనకనున్న స్థాయి నాబ్‌లను బాగా తగ్గించండి. సాఫ్ట్‌వేర్‌లో పింక్ నాయిస్ (కొలతల కోసం వాడే హోరు) జనరేటర్ తెరిచి, సగటు స్థాయి మైనస్ 20 వద్ద పెట్టండి. అది మిక్సర్‌లోకి వచ్చే ఛానెల్ ఫేడర్, మెయిన్ ఫేడర్ రెండూ 0 దగ్గర ఉండగా, మిక్సర్ మీటర్ కూడా 0 చూపించేలా ఆ ఛానెల్ గెయిన్ సర్దండి. ఇప్పుడు కంట్రోల్ రూమ్ నాబ్‌ను గడియారంలో పన్నెండు, ఒంటిగంట మధ్య పెట్టండి. స్పీకర్లు వేసి, ఎడమ స్పీకర్ ఒక్కటే మోగేలా చూసుకుని, మీరు కూర్చునే చోట చెవి ఎత్తులో శబ్దం కొలిచే మీటర్ పట్టుకోండి. మీటర్‌ను సి వెయిటింగ్, స్లో స్థితిలో పెట్టాలి. 75 వచ్చే వరకు స్పీకర్ వెనక నాబ్ పెంచండి. తర్వాత కుడి స్పీకర్‌కూ ఇదే పని.

కొలిచే మీటర్ లేకపోతే ఫోనులోని యాప్ వాడవచ్చు. అది చూపే అంకె నాలుగైదు డెసిబెల్స్ అటూఇటూ అయినా, ఎడమ కుడి సమానంగా ఉన్నాయో లేదో నమ్మకంగానే చెబుతుంది. రేపు మళ్లీ అదే స్థాయికి రావడానికీ పనికొస్తుంది. మనకు కావలసింది ఆ రెండే.

నాబ్‌ను మధ్యకు పైన పెట్టమనడానికి గట్టి కారణం ఉంది. ఆ ఒక్క నాబ్ లోపల ఎడమకూ కుడికీ చెరో పట్టీ తిరుగుతుంది. మామూలు ధర మిక్సర్లలో ఆ రెండూ మొదటి పావు భాగంలో సరిగ్గా జతపడవు. నాబ్‌ను ఏడు, ఎనిమిది గంటల మధ్య ఉంచి మధ్యలో ఉండవలసిన గాత్రాన్ని వినండి. కాస్త ఎడమకో కుడికో జరిగి ఉంటుంది. మెల్లగా పెంచుతూ వెళ్తే పదకొండు దాటాక వచ్చి మధ్యలో కూర్చుంటుంది. ఈ సంగతి తెలియక, శబ్దాన్ని ఎడమకో కుడికో జరిపే పాన్ నాబ్‌లతో తంటాలు పడేవాళ్లు ఎందరో. నాబ్ కొద్దిగా తెరవగానే గది నిండిపోతోందంటే స్పీకర్ వెనక స్థాయి ఎక్కువగా ఉందన్నమాట. అక్కడ ఇన్‌పుట్ స్థాయిని ఎంచుకునే ప్లస్ 4, మైనస్ 10 అనే స్విచ్ ఉంటే అదీ చూడండి. ఆ రెండు స్థానాల మధ్య తేడా దాదాపు 12 డెసిబెల్స్.

ఇప్పుడు నాబ్ పక్కన సన్నటి టేపు ముక్క అంటించి, ముల్లు చూపే చోట పెన్నుతో గీత గీయండి. అదే మీ స్థానం. దాని కింద, గుసగుసగా వినిపించే చోట రెండో గీత గీయండి. ఆ స్థాయిలో కూడా పాటలో మాటలు అర్థమవుతున్నాయంటే గాత్రం సరైన చోట ఉన్నట్టే. మిక్సర్‌లో డిమ్ బటన్ ఉంటే ఈ పని దానితోనూ అవుతుంది. అది సాధారణంగా 20 డెసిబెల్స్ తగ్గిస్తుంది.

సోలోను దారికి తేవడం

ఎగిరిపడే శబ్దానికి లెక్క చూడండి. గిటార్ ఛానెల్ ఫేడర్ మైనస్ 15 దగ్గర ఉంది. పీఎఫ్ఎల్ సోలో నొక్కితే ఫేడర్ లెక్కలోకి రాదు, గిటార్ 15 డెసిబెల్స్ ఎక్కువగా వినిపిస్తుంది. ఇక రెండో వైపు. ఏఎఫ్ఎల్ పెట్టారు, పదహారు ఛానెళ్లు ఇంచుమించు సమానంగా కలిసి మిక్స్ తయారైంది. వాటిలో ఒక్కదాన్నే వింటే మొత్తం కంటే 12 డెసిబెల్స్ తక్కువగా ఉంటుంది. మీరు నాబ్ పెంచుతారు, సోలో తీస్తారు, పాట మొత్తం మీద పడుతుంది. రెండూ ఇబ్బందే. కానీ రెండో దానిలో చెవులకు ప్రమాదం ఎక్కువ.

నా పద్ధతి ఇది. గెయిన్ పెట్టేటప్పుడు పీఎఫ్ఎల్. ఆ పని అయ్యాక బటన్ మార్చి, మిక్స్ పూర్తయ్యే వరకు ఏఎఫ్ఎల్. పాన్, ఫేడర్ ఎక్కడ ఉన్నాయో అక్కడే ఉన్నట్టు వినిపించడం వల్ల మనసు తికమక పడదు. పీఎఫ్ఎల్ సాధారణంగా మోనో కాబట్టి, ఎడమ అంచున పెట్టిన గిటార్ సోలోలో నడిమధ్యకు వచ్చి నిలబడుతుంది. అక్కడ విని తీసుకున్న నిర్ణయం మిక్స్‌లో అతకదు.

సోలో స్థాయికి ప్రత్యేకంగా ఒక నాబ్ ఉన్న మిక్సర్లు ఉన్నాయి. మీ దానిలో ఉంటే అదృష్టమే. పాట మొత్తం నడుస్తుండగా కంట్రోల్ రూమ్ నాబ్‌ను గీత దగ్గర ఉంచండి. కళ్లు మూసుకుని గాత్రం సోలో నొక్కుతూ తీస్తూ ఉండండి. నొక్కినప్పుడు గొంతు మీ వైపు ఒక అడుగు వేసినట్టు ఉండాలి, మీద పడినట్టు ఉండకూడదు. ఏఎఫ్ఎల్‌లో గొంతు వెనక్కి పోయినట్టు అనిపిస్తే సోలో నాబ్ కొద్దిగా పెంచండి, పీఎఫ్ఎల్‌లో అయితే తగ్గించవలసి వస్తుంది. సరిపోయిన చోట దానికీ ఒక టేపు గీత. డ్రమ్స్‌లో కిక్, గిటార్ ఇలా రెండు మూడు ఛానెళ్ల మీద పరీక్షించి, గాత్రానికి నప్పిన చోటే ఉంచేయండి. అన్నిటికీ ఒకే నాబ్ కాబట్టి కొంత తేడా మిగులుతుంది, దాన్ని వదిలేయండి.

ఆ నాబ్ లేని మిక్సర్లలో చేతికి ఒక అలవాటు చేయించాలి. సోలో నొక్కే ముందే ఎడమ చెయ్యి కంట్రోల్ రూమ్ నాబ్ మీద ఉండాలి. సోలో తీసే ముందు నాబ్ గీత దగ్గరకు తిరిగి రావాలి. గీత ఉంది కాబట్టి వెనక్కి రావడానికి చెవిని నమ్ముకోనక్కర్లేదు.

సాఫ్ట్‌వేర్ లోపలి సోలో సాధారణంగా ఎస్ఐపీ తరహాలో పనిచేస్తుంది. అక్కడ గొంతుకు ప్రతిధ్వనిని కలిపే రివర్బ్ ఛానెల్‌కు సోలో సేఫ్ (వేరే ఛానెల్‌ను సోలో చేసినా ఇది మ్యూట్ కాకుండా ఉంచే ఏర్పాటు) పెట్టుకోకపోతే, గొంతును సోలో చేయగానే రివర్బ్ మాయమై పొడిబారిన స్వరం మాత్రం మిగలవచ్చు. చాలా సాఫ్ట్‌వేర్లలో దీనికి ఏర్పాటు ఉంది, వెతికి పెట్టుకోండి.

పాడేవారి హెడ్‌ఫోన్లు

చిన్న మిక్సర్లలో హెడ్‌ఫోన్ సాకెట్ కంట్రోల్ రూమ్ దారిలోనే ఉంటుంది. అంటే మీరు సోలో నొక్కితే ఆ హెడ్‌ఫోన్లలోనూ సోలోనే వినిపిస్తుంది. ఒకసారి పాడుతున్న అమ్మాయి హెడ్‌ఫోన్లు నా మిక్సర్‌లోని ఆ సాకెట్‌లోనే ఉన్నాయి. గొంతులో ఏదో గరగర వినిపించి సోలో నొక్కాను. ఆమె చెవుల్లో తాళం, గిటార్ అన్నీ మాయమై, తన గొంతు ఒక్కటే కొన్ని రెట్లు పెద్దదై పేలింది. రెండు చేతులతో హెడ్‌ఫోన్లు లాగేసిన తీరు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. తర్వాత అరగంట పాడినా మొదటి టేక్‌లోని నిబ్బరం తిరిగి రాలేదు. ఆ రోజు నుంచి పాడేవారి హెడ్‌ఫోన్లను ఆ సాకెట్‌లో పెట్టలేదు.

పెట్టవలసిన చోటు ఆక్స్ అవుట్‌పుట్, అంటే ఛానెళ్ల నుంచి విడిగా ఇంకో మిక్స్‌ను బయటికి పంపే సాకెట్. ఆక్స్ సెండ్‌ను ప్రీ ఫేడర్ స్థితిలో ఉంచి, ఆ అవుట్‌పుట్‌ను విడి హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్‌కు కలపండి. ఇప్పుడు మీరు ఫేడర్లు కదిపినా, పీఎఫ్ఎల్ గానీ ఏఎఫ్ఎల్ గానీ నొక్కినా వాళ్లకు తెలియదు. అయితే మ్యూట్ బటన్ చాలా మిక్సర్లలో ఆక్స్‌ను కూడా ఆపేస్తుంది. రికార్డింగ్‌కు ముందే ఒకసారి నొక్కి చూడండి.

హెడ్‌ఫోన్ నాబ్‌ను సున్నా నుంచి మొదలుపెట్టి, వాళ్లు చాలనే వరకు పెంచండి. తన గొంతు మరీ ఎక్కువగా వినిపిస్తే పాడేవారు వెనక్కి తగ్గి పాడతారు, తక్కువగా వినిపిస్తే అరుస్తారు. పాటలో బలం తేడాగా అనిపిస్తే పాడేవారిని తప్పుపట్టే ముందు ఆక్స్ నాబ్ కదిపి చూడండి. మెట్రోనోమ్ టిక్కులు హెడ్‌ఫోన్ల నుంచి కారి మైక్‌లో పడుతుంటాయి. పాట చివర గొంతు సన్నగిల్లే చోట టిక్కును తగ్గించేయండి.

గొంతు బోలుగా, గొట్టంలోంచి వస్తున్నట్టు ఉందని పాడేవారు చెబితే, వాళ్లు తమ గొంతును రెండుసార్లు వింటున్నారన్నమాట. ఒకటి మిక్సర్ నుంచి నేరుగా, ఇంకొకటి కంప్యూటర్‌లోకి వెళ్లి తిరిగొచ్చినది. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 256 శాంపిల్స్ బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో తీసుకునే శబ్దం) అంటే ఒక వైపు ప్రయాణానికే 5.3 మిల్లీసెకన్లు. సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాక్ మానిటరింగ్ ఆపేయండి, గొంతు వెంటనే గట్టిపడుతుంది.

కంప్యూటర్ నుంచి తిరిగొచ్చే శబ్దాన్ని మామూలు ఛానెల్‌లోకి తెచ్చుకుంటున్నప్పుడు ఒక జాగ్రత్త. ఆ ఛానెల్ మెయిన్‌కు వెళ్తూ, మెయిన్ మళ్లీ కంప్యూటర్‌లోకి రికార్డు అవుతుంటే, శబ్దం తన తోకను తానే పట్టుకుని కీచుమని అరుస్తుంది. టూ ట్రాక్ లేదా యూఎస్‌బీ రిటర్న్‌ను కంట్రోల్ రూమ్‌కు మాత్రమే పంపే బటన్ ఉంటే అది వాడండి. లేకపోతే మైకులను మెయిన్ నుంచి తప్పించి, సబ్ గ్రూప్ (కొన్ని ఛానెళ్లను విడిగా కలిపి పంపే దారి) ద్వారా రికార్డింగ్‌కు పంపండి.

సోలో ఎంతసేపు?

తప్పు వెతకడానికి సోలో కంటే మంచి సాధనం లేదు. తీగలోంచి వచ్చే హమ్, ‘ప’, ‘భ’ దగ్గర మైక్‌కు తగిలిన గాలి దెబ్బ, కుర్చీ కిర్రుమనడం, రెండు టేకులు అతికించిన చోటి చిటుక్కు, ఇవన్నీ సోలోలోనే దొరుకుతాయి. దొరికాక బటన్ తీసేయండి. ఈక్యూ నాబ్‌లు (బేస్, ట్రెబుల్ లాంటివి పెంచి తగ్గించేవి) మాత్రం అందరూ కలిసి వాయిస్తున్నప్పుడే తిప్పండి. గిటార్‌లో 200 హెర్ట్జ్ దగ్గర కొంత తీసేస్తే సోలోలో అది ఎముకల గూడులా వినిపించవచ్చు, పాటలో కలిసేసరికి గాత్రానికి చోటు ఇచ్చి హుందాగా నిలబడుతుంది. సోలోలో నిండుగా చేసిన గిటార్ బేస్‌నూ గొంతునూ కప్పేస్తుంది. నేను సోలో నొక్కితే మనసులో పది అంకెలు లెక్కపెడతాను. ఆ లోపల దొరకకపోతే తీసేసి, ఒకసారి మొత్తం విని, మళ్లీ నొక్కుతాను.

చెవుల లెక్క కూడా ఉంచుకోండి. పని చోట్ల శబ్దంపై అమెరికా సంస్థ నియోష్ సూచించిన పరిమితి 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు ఎనిమిది గంటలు. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకు ఆ సమయం సగమవుతుంది. 88 దగ్గర నాలుగు గంటలు, 94 దగ్గర ఒక గంట, 100 దగ్గర పావుగంట. టేపు గీత దగ్గర పనిచేస్తే వీటికి చాలా దిగువనే ఉంటారు. గీత దాటించాలని చెయ్యి లాగుతోందంటే చాలాసార్లు చెవి అలసిపోయి ఉంటుంది. అప్పుడు నాబ్ పెంచకండి, పది నిమిషాలు గది బయటికి వెళ్లి రండి.

ఏ శబ్దమూ రాకపోతే తీగలు పీకే ముందు సోలో దీపాలు చూడండి. నిశ్శబ్దంగా ఉన్న ఛానెల్‌లో సోలో నొక్కి మరిచిపోతే స్పీకర్లు మూగబోతాయి, రికార్డింగ్ మాత్రం లోపల చక్కగా నడుస్తూనే ఉంటుంది. పని ముగిశాక సోలోలన్నీ తీసి, కంట్రోల్ రూమ్, హెడ్‌ఫోన్ నాబ్‌లు సున్నాకు తెచ్చి, స్పీకర్లు ఆపి, ఆ తర్వాత మిక్సర్ ఆపండి. మర్నాడు మొదట తిప్పేది కంట్రోల్ రూమ్ నాబ్, గీత వరకు.